మావయ్యగారి కంప్యూటర్‌లో డిస్కు ఎర్రర్లు: ఫోన్‌లో ఏం చేయించాలి, ఏం చేయించకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు డాలస్‌లో ఉన్నారు. మీ అమ్మగారి పెత్తల్లి కొడుకు, వరసకు మీకు మావయ్య, పాలకొల్లులో ఉంటారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన దగ్గర పదేళ్లు దాటిన డెస్క్‌టాప్ ఉంది. నెల రోజులుగా ఆన్ చేయగానే నల్లటి స్క్రీన్ మీద ‘స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ డి’ అని వచ్చి పదకొండు శాతం దగ్గర గంటసేపు నిలబడిపోతోంది. ఒక్కోరోజు దానంతటదే విండోస్‌లోకి వెళ్తోంది, ఒక్కోరోజు వెళ్లడం లేదు. నెట్‌లో వెతికితే, విండోస్‌లో డిస్కుని పరీక్షించి సరిచేసే చెక్‌డిస్క్ కమాండుకి ‘స్లాష్ ఆర్’ తగిలించి నడపమని ఉంది. ఫోన్‌లో చెబుతూ ఆయన చేత అది ఎలా కొట్టించాలని అడిగారు.

సూటిగా చెప్తాను: కొట్టించకండి. ముందు ఆయన ఫైళ్లు బయటికి తీయించండి. డిస్కుకి ఏ వైద్యమైనా ఆ తర్వాతే. ఈ వరస తప్పితే బాగుపడాల్సిన పని కూడా చెడుతుంది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ కాంప్లెక్సులో పద్దెనిమిదేళ్లు రిపేరు షాపు నడిపాను. షాపు తీసేసి చాలాకాలమైంది గానీ చుట్టాల ఫోన్లు ఆగలేదు. ‘అబ్బాయ్, కంప్యూటర్‌లో ఏదో ఇంగ్లీషులో వచ్చింది, నొక్కేశాను’ అనే మాటతో మొదలయ్యే ఫోన్లు ఎన్ని ఎత్తానో లెక్కలేదు. కాబట్టి డిస్కు గురించి ఎంత చెప్తానో, ఫోన్ అవతల ఉండే మనిషి గురించీ అంతే చెప్తాను.

ముందు ఆ ‘స్లాష్ ఆర్’ సంగతి. చెక్‌డిస్క్‌లో రెండు పనులున్నాయి. ‘స్లాష్ ఎఫ్’ అంటే ఫైల్ సిస్టమ్ లెక్కలు సరిచేయడం. ఏ ఫైలు డిస్కు మీద ఎక్కడుందో రాసుకునే పద్దు పుస్తకం ఒకటి ఉంటుంది, కరెంటు పోయినప్పుడు అందులో సగం రాసి ఆగిపోతే తేడా వస్తుంది. ఆ తేడా దిద్దడం దీని పని. ‘స్లాష్ ఆర్’ ఆ పనీ చేస్తుంది, పైగా డిస్కులోని ప్రతి సెక్టార్‌నీ, అంటే డేటా రాసే ప్రతి చిన్న గడినీ, ఖాళీగా ఉన్నదాన్ని కూడా, చదివి చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఒక టీబీ డిస్కుకే ఇది గంటల పని. జబ్బుపడిన డిస్కు ఒక్కో చెడ్డ సెక్టార్ దగ్గర ఆగి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, అలసిపోతుంది. కాలు విరిగినవాణ్ణి ఎంత నడవగలడో చూద్దామని గుట్ట ఎక్కించినట్టు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. చెక్‌డిస్క్‌కి కావాల్సింది ఫైల్ సిస్టమ్ లెక్క కుదరడం. మీ మావయ్యగారి ఫొటోలు ఉన్నాయా పోయాయా అన్నది దానికి రెండో విషయం. లెక్క కుదరని ముక్కల్ని ‘ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో, పేర్లు పోయి నంబర్లు మిగిలిన ఫైళ్లుగా పడేస్తుంది. అది చేసిన మార్పుని వెనక్కి తీసుకునే దారి లేదు.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. 2011లో నిజామాబాద్‌లో ఉండే మా బావగారి డిస్కుకి నేనే ఫోన్‌లో ఈ కమాండు కొట్టించాను. ‘వై నొక్కండి, పొద్దుటికల్లా అయిపోతుంది’ అన్నాను. మర్నాడు సాయంత్రానికీ అవలేదు. రాత్రి కరెంటు పోయింది, యూపీఎస్ పది నిమిషాలు కూడా నిలవలేదు. తిరిగి వచ్చాక డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం తప్ప ఏమీ చేయలేదు. అందులో మా మేనకోడలి అన్నప్రాశన ఫొటోలున్నాయి. ఆ రోజు ముందుగా ఒక గంట కాపీ చేయించి ఉంటే దక్కేవి. బావగారు ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

డి డ్రైవ్ వేరు కాబట్టి భద్రం అనే నమ్మకం. మన ఇళ్లలో ఇది చాలా గట్టిగా ఉంది. పాత రోజుల్లో అసెంబుల్ చేసిచ్చినవాళ్లు ఒకే డిస్కుని సి, డి, ఈ అని మూడు ముక్కలు చేసి, ‘సి లో విండోస్, మీ సొంతవన్నీ డి లో పెట్టుకోండి సార్, ఫార్మాట్ చేసినా పోవు’ అని చెప్పేవాళ్లం. ఫార్మాట్ వరకు అది నిజమే. డిస్కే పోతే మూడూ ఒకేసారి పోతాయి. ఒకే ఇంట్లో మూడు గదులు, పైకప్పు ఒక్కటే. మీ మావయ్యగారు ‘బ్యాకప్ ఉంది బాబూ, అన్నీ ఈ డ్రైవ్‌లో కూడా కాపీ పెట్టాను’ అంటే సంతోషపడకండి. క్యాబినెట్ లోపల డిస్కులు ఎన్ని ఉన్నాయో మూత తీసి ఫొటో పంపమనండి.

ఇక ఫోన్‌లో పని ఎలా నడపాలో చెప్తాను. నా అనుభవంలో దూరం నుంచి చేసే రిపేరులో సగం కష్టం ఇక్కడే. పెద్దవాళ్లు స్క్రీన్ మీద ఉన్నది చదవరు, తమకు అర్థమైంది చెప్తారు. ‘డిస్క్ ఫుల్ అంటోంది’ అని ఒకాయన అరగంట చెప్పాడు. తీరా ఫొటో పంపితే అక్కడున్నది ‘డిస్క్ బూట్ ఫెయిల్యూర్’. రెండు మాటల్లోనూ డిస్కు ఉంది కదా! అందుకే నా నియమం ఒకటే: మాట వద్దు, ఫొటో కావాలి. స్క్రీన్ మీద ఏం వచ్చినా, ఏమీ నొక్కకుండా, ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. ఫ్లాష్ ఆపమనండి, లేకపోతే స్క్రీన్ మీద తెల్ల చుక్క తప్ప ఏమీ కనపడదు.

ఫొటో తర్వాత వినికిడి. ఫోన్‌ని స్పీకర్‌లో పెట్టి క్యాబినెట్ పక్కన ఉంచమనండి. మామూలు డిస్కు సన్నగా గిర్రుమంటుంది, పనిచేసేటప్పుడు చిన్నగా గరగరలాడుతుంది. లయగా టక్, టక్, టక్ అని వినిపించినా, గీసుకుంటున్నట్టు శబ్దం వచ్చినా వెంటనే కరెంటు తీయించండి, మళ్లీ ఆన్ చేయనివ్వకండి. డిస్కులోని పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతూ ఉంటుంది. చదివే హెడ్డు దాని మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో మాత్రమే తేలుతుంది. వెంట్రుక మందం దానికి కొన్ని వేల రెట్లు. ఆ హెడ్డు దెబ్బతిని పళ్లేన్ని తాకుతోందంటే ఆన్‌లో ఉంచిన ప్రతి నిమిషమూ డేటా గీకేస్తున్నట్టే. అలాంటి డిస్కుకి మనం చేయగలిగింది ఏమీ లేదు, డేటా రికవరీ ల్యాబుకే పంపాలి. కొత్త డిస్కు ధరకి ఎన్నో రెట్లు అవుతుంది. ముందుగానే ‘డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు’ అని అడగాలి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందనే చిట్కా ఇంకా కొందరు చెప్తున్నారు. పాలకొల్లు లాంటి చోట, గాల్లో అంత తేమ ఉన్నప్పుడు, చల్లటి డిస్కు బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. దయచేసి వద్దు.

మీరు చెప్పినదాన్ని బట్టి మీ మావయ్యగారిది ఇంకా అంత దూరం పోలేదు. అప్పుడప్పుడూ విండోస్‌లోకి వెళ్తోంది కదా, అది మంచి సంగతి. ఆన్ చేసినప్పుడు డిస్కు చెకింగ్ మొదలయ్యే ముందు కొన్ని సెకన్లు ఆగుతుంది, ‘ఆపాలంటే ఏదో ఒక కీ నొక్కండి’ అని ఇంగ్లీషులో వస్తుంది. ఆ కొద్ది సెకన్లలో కీబోర్డు మీద ఏ కీ అయినా నొక్కితే చెకింగ్ దాటేసి నేరుగా విండోస్‌కి వెళ్తుంది. ఆయనతో ముందే చెప్పి ఉంచండి: ‘మావయ్యా, స్విచ్ వేశాక కీబోర్డు దగ్గరే కూర్చోండి, కాఫీకి వెళ్లకండి.’ కీబోర్డు వైర్‌లెస్‌ది అయితే ఒక్కోసారి ఆ దశలో పనిచేయదు, వైరున్నది అరువు తెచ్చుకోవాలి. ఒకవేళ చెకింగ్ మొదలైపోతే? శాతం మెల్లగానైనా కదులుతూ, శబ్దం మామూలుగా ఉంటే మధ్యలో స్విచ్ తీయించకండి. గంటల తరబడి ఒకే అంకె దగ్గర ఉండి, పక్కన శబ్దం కూడా తేడాగా ఉంటే ఆపించడమే మేలు. రెండింట్లోనూ ప్రమాదం ఉంది, నేను తక్కువ ప్రమాదం ఉన్నది చెప్తున్నాను.

విండోస్‌లోకి వెళ్లారు. ఇప్పుడు మొదటి పని జబ్బు ఏమిటో చూడటం కాదు, కాపీ. ముందుగా ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు కొనిపించి ఉంచండి. మీరే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంకా మంచిది, కానీ ‘రెండు టీబీ పెన్‌డ్రైవ్ ఆరొందలకే’ అనే సరుకు జోలికి పోవద్దు. అవి లోపల చిన్నవి, కంప్యూటర్‌కి పెద్దవిగా చూపిస్తాయి. నిండేదాకా అంతా బాగానే ఉన్నట్టుంటుంది, తర్వాత తెరిస్తే ఫైళ్లుండవు.

కాపీకి ఒక వరస పెట్టుకోండి. చిన్నవి, మళ్లీ దొరకనివి ముందు. పెద్దవి, మళ్లీ దొరికేవి ఆఖర్న. పొలం కాగితాల స్కాన్లు, పెన్షన్ కాగితాలు, రాసుకున్నవి, ఆ తర్వాత ఫొటోలు, ఆ తర్వాత వీడియోలు. సినిమాలు అసలు వద్దు. ఒకాయన ప్రాణం మీదున్న డిస్కులోంచి మొదటిగా పాత సినిమాల ఫోల్డర్ లాగాడు, అది తొంభై శాతం అయ్యేసరికి డిస్కు పోయింది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి మర్చిపోకండి. పెద్దవాళ్లు ముఖ్యమైనవన్నీ డెస్క్‌టాప్ మీదే పెడతారు, అది సి డ్రైవ్‌లో ఉంటుందని వాళ్లకి తెలియదు.

ఇక్కడ మన భాష వాళ్లకే ఉండే చిక్కు ఒకటి. మీ మావయ్యగారు హెడ్మాస్టరు కాబట్టి తెలుగులో ఏవో టైపు చేసి ఉంటారు. అది పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిందైతే, ఫైలు ఒక్కటి కాపీ చేస్తే చాలదు. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చేయించండి. కంప్యూటర్ సహకరిస్తే ముఖ్యమైనవి పీడీఎఫ్‌గా కూడా తీయించండి. మా షాపుకి ఒక పెద్దాయన ఇరవై ఏళ్లుగా రాసుకున్న శతకం తెచ్చారు. ఫైళ్లన్నీ దక్కాయి, చదవడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది, ఏ ఫాంటో కనుక్కునేదాకా.

మామూలుగా లాగి వదిలే కాపీ ఒక చెడ్డ ఫైలు తగలగానే ఆగిపోయి ఏం చేయమంటారని అడుగుతుంది. ‘స్కిప్’ నొక్కమనండి, మళ్లీ ప్రయత్నించమని పదేపదే నొక్కొద్దు. కొంచెం తెలిసిన మనిషి అక్కడ ఉంటే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ కమాండు మేలు. కానీ జాగ్రత్త: ఏమీ చెప్పకుండా నడిపితే అది చదవలేని ఫైలు దగ్గర ముప్పై సెకన్ల విరామంతో పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. లెక్క వేస్తే ఒక్క ఫైలు దగ్గరే సుమారు ఏడాది! ‘స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1’ అని తగిలిస్తే ఒక్కసారి మళ్లీ చూసి ముందుకెళ్తుంది. ఇక్కడి ‘స్లాష్ ఆర్’ వేరు, చెక్‌డిస్క్ ‘స్లాష్ ఆర్’ వేరు, కలపకండి. కమాండుని ఫోన్‌లో చదివి కొట్టించే పని అసలు పెట్టుకోకండి. ‘స్పేస్’ అంటే ఎస్ పీ ఏ అని అక్షరాలు కొట్టినవాళ్లు ఉన్నారు, ఏ వైపు వాలిన స్లాష్ అన్నది ఇంకో గంట. మీరే ఆ కమాండు రాసి ఉంచిన చిన్న బ్యాచ్ ఫైలు చేసి పంపి, రెండుసార్లు క్లిక్ చేయమంటే సరిపోతుంది.

సమయం కూడా ఆయనకి ముందే చెప్పండి. పాత కంప్యూటర్ వెనక ఉండే యూఎస్‌బీ 2.0 పోర్టు సెకనుకి ముప్పై ఎంబీ దగ్గర నడుస్తుంది. 500 జీబీకి నాలుగు గంటలు దాటుతుంది, అదీ డిస్కు బాగుంటే. కదలడం లేదని మధ్యలో స్విచ్ తీసేస్తారు. ‘మావయ్యా, భోజనం చేసి, కునుకు తీసి వచ్చి చూడండి’ అనండి.

కాపీ అయ్యాక అప్పుడు జబ్బు చూద్దాం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. తెరిస్తే పైన నీలంలో ‘గుడ్’, పసుపులో ‘కాషన్’, ఎరుపులో ‘బ్యాడ్’ అని చూపిస్తుంది. ఆ విండో మొత్తం ఫొటో తెప్పించుకోండి. రంగు కన్నా నేను చూసేవి నాలుగు వరసలు. 05 అంటే చెడిపోయి, దాచి ఉంచిన అదనపు సెక్టార్లతో మార్చినవి. సీ5 అంటే అనుమానంగా ఉండి తీర్పు కోసం ఆగినవి. సీ6 అంటే ఇక చదవలేమని వదిలేసినవి. సీ7 అంటే డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో వచ్చిన తప్పులు. విలువలు మామూలుగా పదహారు ఆధారంగా ఉంటాయి, అంటే చివర్న సీ8 అని ఉంటే రెండు వందలు. 01, 07 వరసల్లో కొన్ని కంపెనీల డిస్కులకి భయంకరంగా పెద్ద అంకెలు కనిపిస్తాయి, సీగేట్‌లో అది మామూలే. వాటిని చూసి టెన్షన్ పడొద్దు.

సీ5, సీ6లో సున్నా కాకుండా ఏదున్నా నేను ఆ డిస్కుని ఇక నమ్మను. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు బయటపెట్టారు. స్కాన్‌లో మొదటి ఎర్రర్ కనిపించిన డిస్కు, ఎర్రర్ లేనిదానికంటే, తర్వాతి అరవై రోజుల్లో పోయే అవకాశం ముప్పై తొమ్మిది రెట్లు ఎక్కువని తేలింది. అదే లెక్కల్లో ఇంకోటి ఉంది, దాన్ని జనం మర్చిపోతారు: పోయిన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ఇలాంటి ముఖ్యమైన గుర్తులు ఒక్కటీ ముందుగా కనిపించలేదు. అంటే పసుపు వస్తే నమ్మాలి, నీలం ఉంటే మాత్రం నమ్మకూడదు.

సీ7 ఒక్కటే పెరిగి, 05, సీ5, సీ6 సున్నాలుగా ఉంటే సంతోషించండి. అది సాధారణంగా డిస్కు జబ్బు కాదు, కేబుల్‌ది. వరంగల్ నుంచి మా పిన్నిగారి అల్లుడు ‘డిస్కు పోయిందన్నారు, కొత్తది కొనమంటారా’ అని అడిగితే ఫొటో తెప్పించాను. సీ7లో వేలల్లో ఉంది, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. కరెంటు ప్లగ్గు తీయించి, మూత విప్పించి, డిస్కుని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ రెండు చివరలా ఊడదీసి గట్టిగా పెట్టించాను. అలా కుదరకపోతే కేబుల్ మార్చమన్నాను, వంద రూపాయల వస్తువు. ఆ అంకె తగ్గదు, అది మొదటి నుంచీ కూడుతూ వచ్చే లెక్క. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఆగింది, ఆ డిస్కు ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. సామాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినప్పుడు ఇలా కేబుళ్లు వదులవుతాయి. లోపల చీమలు గూడు పెట్టిన క్యాబినెట్లు కూడా చూశాను, అది వేరే కథ.

కరెంటు సంగతి కూడా చూడండి. యూపీఎస్ ఉంది కదా అంటారు, అందులో బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. దాన్నెవరూ మార్చరు. కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటర్ ఆరిపోతోందా అని అడగండి. అవునంటే ఫైల్ సిస్టమ్ తేడాలకి సగం కారణం అక్కడే దొరికినట్టు. విండోస్ తనలో జరిగిన తప్పుల్ని రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిపించగలిగితే ఇంకా తేలిక: ‘డిస్క్’ పేరుతో 7 నంబరు కనిపిస్తే చెడ్డ సెక్టార్ తగిలిందని, ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ పేరుతో 55 కనిపిస్తే పద్దు పుస్తకం తప్పిందని అర్థం. 55 ఒక్కటే ఉండి, స్మార్ట్ విలువలు (పైన చెప్పిన 05, సీ5 లాంటి వరసలు) శుభ్రంగా ఉంటే, అప్పుడు, కాపీ అయ్యాక, ‘స్లాష్ ఎఫ్’ నడిపించుకోవచ్చు. నేను ఆ కమాండుకి శత్రువుని కాను.

అయితే ఈవెంట్ వ్యూయర్ గురించి ఒక హెచ్చరిక. బాగున్న కంప్యూటర్‌లో కూడా అందులో ఎర్ర గుర్తులు ఎన్నో ఉంటాయి. ‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అని ఫోన్ చేసి, అవే చూపించి భయపెట్టి డబ్బు గుంజే ముఠాలున్నాయి. మీరు దూరం నుంచి చూడటానికి క్విక్ అసిస్ట్ లాంటిది వాడితే, అది విండోస్ 10, 11లో దొరుకుతుంది, ముందుగా ఆయనకి గట్టిగా చెప్పండి: వీడియో కాల్‌లో నా మొహం చూశాక నేను చెప్పిన కోడే మీరు కొట్టాలి, ఇంకెవరు కోడు చెప్పినా కొట్టకూడదు. పైగా డిస్కు జబ్బుగా ఉన్నప్పుడు ఈ పద్ధతి అంత పనికిరాదు. కంప్యూటర్ నిమిషానికోసారి బిగుసుకుపోతుంది, అవతల ఏం జరుగుతోందో మీకూ తెలియదు. వాట్సాప్ వీడియో కాల్ ముందు ఇది దిగదుడుపే.

విండోస్ అసలు తెరుచుకోని రోజు వస్తే? అప్పుడు ఆయన చేతులు చాలవు. ఊళ్లో ఒక జత చేతులు వెతకండి. పక్కింట్లో డిప్లొమా చదివే కుర్రాడో, ఆయన పాత శిష్యుడో తప్పకుండా ఉంటారు, హెడ్మాస్టరుగారికి శిష్యుల కరువా? డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించడం అంత కష్టమైన పని కాదు. తగిలించగానే విండోస్ ‘ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని అడిగితే, క్యాన్సిల్. అక్కడ అవునని నొక్కి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఫొటోలు చాలావరకు తీశాం, కానీ పేర్లూ ఫోల్డర్లూ పోయి తొమ్మిది వేల ఫొటోలు ఒకే కుప్పగా వచ్చాయి. ఆ ఇంటి అమ్మాయి వేసవి సెలవులన్నీ వాటిని ఏరడంలోనే గడిపింది. కాస్త తెలిసిన మనిషి దొరికితే విండోస్ బదులు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడటం ఇంకా మంచిది. అది బాగున్న భాగాలు ముందు తీసుకుని, మొండి భాగాలకి తర్వాత తిరిగి వస్తుంది. ఎక్కడ ఆగిందో రాసుకుంటుంది కూడా.

షాపుకి పంపాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. మా షాపుకి ఒకామె పాత డిస్కు లేకుండా వచ్చారు. అంతకుముందు ఇచ్చిన ఓ షాపులో విండోస్ కొత్తగా వేసి, ‘స్పీడ్ పెరిగింది మేడం’ అని చేతిలో పెట్టారట. వాళ్ల దృష్టిలో పని బాగానే చేశారు, డేటా గురించి ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఒక కాగితం మీద తెలుగులోనే పెద్దక్షరాలతో రాయించి డిస్కుకి అంటించండి: ‘ఫార్మాట్ చేయవద్దు. విండోస్ కొత్త డిస్కులో వేయండి. ఈ పాత డిస్కు తిరిగి ఇవ్వాలి.’ వారంటీలో ఉందని కంపెనీకి పంపితే వేరే డిస్కు వస్తుంది, అందులో మీ ఫైళ్లుండవు. ఇది కూడా ఆయనకి చెప్పండి.

మీ ప్రశ్న పాత డెస్క్‌టాప్ గురించే అయినా, ఇదే సమస్య ఎవరికైనా కొత్త ల్యాప్‌టాప్‌లో వస్తే రెండు తేడాలున్నాయి. అందులో తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు ఉంటుంది, అది శబ్దం చేయదు, చాలాసార్లు హెచ్చరించకుండానే పోతుంది. తుడిచేసిన ఫైళ్లు తిరిగి తీయడం కూడా అందులో దాదాపు కుదరదు, విండోస్ ఆ జాగా ఖాళీ అయిందని చెప్పగానే అది లోపల శుభ్రం చేసేస్తుంది. రెండోది, విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో డిస్కు బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండొచ్చు. ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి పెడితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది సాధారణంగా వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంటులో ఉంటుంది, విప్పే ముందే రాసిపెట్టుకోవాలి.

మీ మావయ్యగారికి కొత్త డిస్కుగా 256 లేదా 512 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత కంప్యూటరే కొత్తదిలా లేస్తుంది. పాత డిస్కుని వెంటనే తుడిపించకండి. తేదీ రాసి, కవర్లో పెట్టి బీరువాలో ఉంచమనండి. ఆర్నెల్ల తర్వాత ‘ఫలానా ఫైలు కనపడట్లేదు’ అనే ఫోన్ తప్పకుండా వస్తుంది.

మీకు డాలస్‌లో ఎండాకాలం ఉదయం పదకొండు అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకి పెద్దాయన అలసిపోయి ఉంటారు, ఏది పడితే అది నొక్కుతారు. మీరు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేయండి, ఆయనకి మర్నాడు పొద్దున్న ఏడున్నర. మొదటి రోజు కంప్యూటర్‌లో ఏ పనీ మొదలుపెట్టకండి: క్యాబినెట్ లోపలి ఫొటో, శబ్దం, ఎక్స్‌టర్నల్ డిస్కు ఆర్డరు, అంతే. రెండో రోజు, ఆ డిస్కు చేతికొచ్చాక, కాపీ. మూడో రోజు స్మార్ట్ విండో ఫొటో. అందులో 05, సీ5, సీ6, సీ7 వరసల్లో ఏముందో ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి, చూసి చెప్తాను.